సారె కారు అమ్మేది లేదు

మా పెద్దత్తయ్యగారు పోయారు. అమలాపురంలో ఆసుపత్రి మంచం మీద, కాస్త మజ్జిగ తెమ్మని నన్ను పంపి, నేను గ్లాసుతో వచ్చేలోగా వెళ్ళిపోయారు. ఆవిడ మా ఆయనకు స్వయానా పెదనాన్న భార్య. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆవిడతోనే పనిచేశాను. ఇలాంటప్పుడు నాలుగు మంచి మాటలు రాసి దండం పెట్టి ఊరుకోవడం మర్యాద. నాకు అంత మర్యాద చేతకావడం లేదు. ఆవిడ పోయిన గంటలోనే మా చుట్టాలు ఆవిడ కారు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆవిడ గురించి రాయాలంటే నేను కారు గురించి రాయాలి. కారు గురించి రాయాలంటే కాస్త గొంతు పెంచక తప్పదు.

మాది మలికిపురం దగ్గర. ఆవిడ సారె వంట చేసేవారు. ఆషాఢం సారె, కడుపుతో ఉన్న పిల్లకి సూడిదలు, బిడ్డతో అత్తారింటికి వెళ్ళేటప్పుడు పురిటి సారె, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా పెరట్లోకే వచ్చేవారు. కాజాలు, లడ్డూలు, సున్నుండలు, కొబ్బరి లౌజు, చలిమిడి మా పొయ్యిల మీదే తయారయ్యేవి. పూతరేకులు మాత్రం ఆత్రేయపురం నుంచి తెప్పించేవారు. వండటంతో పని అయిపోదు. పుట్టింటివాళ్ళ తరఫున వియ్యాలవారి గుమ్మం దాకా పట్టుకెళ్ళి, పళ్ళేలు వరసగా దింపి, మర్యాదగా అప్పగించి రావాలి. అందుకు ఆవిడ దగ్గరున్నది ఒక పాత ఎస్టేట్ కారు. ముందునుంచి చూస్తే మామూలు కారే. వెనక మాత్రం డిక్కీ ఉండదు. పైకప్పు చివరిదాకా సాగి, చుట్టూ అద్దాలతో చిన్న గదిలా ఉంటుంది. ఇంగ్లీషులో స్టేషన్ వ్యాగన్ అంటారట. మా వైపు అందరూ సారె కారు అంటారు.

ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి అంబులెన్సు మాట్లాడమంటారా అని ఆసుపత్రివాళ్ళు అడిగారు. బయట నీడలో ఆవిడ కారే ఆగి ఉంది. పొద్దున్న వెనకాల పరుపు వేసి, ఆవిణ్ణి పడుకోబెట్టి, నేనే నడుపుకొచ్చాను. ఆవిడ కొడుకు, అంటే మా బావగారు, రాజమండ్రి నుంచి బయలుదేరి దారిలో ఉన్నారు. కారులోనే తీసుకొస్తున్నానని ఫోన్లో చెప్పాను.

"అందులో వద్దమ్మా," అన్నారాయన, ఏడుస్తూనే. "అది సారె బండి. దాంట్లో శవాన్ని ఎక్కిస్తే రేపట్నుంచి ఎవరు సారె పెట్టించుకుంటారు? అమ్మ ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న పేరు పోద్దమ్మా."

"శవం కాదండి, పెద్దత్తయ్యగారండి," అన్నాను.

ఫోను పెట్టేశాను. నేనూ, ఆసుపత్రి ఆయా కలిసి ఆవిణ్ణి అదే పరుపు మీద పడుకోబెట్టాం. వైనతేయ వంతెన మీద ఆవిడ ఎంత నెమ్మదిగా నడిపేవారో అంత నెమ్మదిగా నడిపాను. రాజోలు దాటాక ఒక మలుపులో పళ్ళమ్ముకునే ఒకామె మా కారుని గుర్తుపట్టి, నవ్వుతూ చెయ్యెత్తింది. "ఎవరింటికమ్మా సారె?" అని అడిగింది. "మా ఇంటికేనండి," అన్నాను. అప్పటిదాకా ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా దారి సరిగ్గా కనిపించలేదు.

ఆ కారు కొన్నది ఆవిడ కాదు. పెద్దమావయ్యగారు ఎవరో వాడి వదిలేసిందాన్ని ముచ్చటపడి కొన్నారు. ఆయన పోయాక అమ్మెయ్యమని అప్పుడూ అందరూ చెప్పారు. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పకుండా, కొబ్బరికాయలు రాశిపోసే దొడ్లో చీర దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. మొదటి రోజు రాశిని గుద్దితే కాయలన్నీ దొర్లుకుంటూ పక్కనున్న బోదె కాలవలో పడ్డాయట. కాయలు దింపే కార్మికులు వాటిని ఏరుకుంటూ నవ్వితే, "నవ్వండి, నవ్వండి. పెళ్ళయ్యాక మీ ఆడపిల్లలకి సారె ఇందులోనే వస్తుంది," అన్నారట. వచ్చింది కూడా.

ఆవిడ నడపడం ఎలా ఉండేదో చెప్పాలి. ఎక్కేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవారు. పెడలు సంగతి పాదానికి తెలియాలనేవారు. కళ్ళజోడు జారకుండా వెనక రబ్బరుబ్యాండు. ఏ కల్వర్టు వచ్చినా, ఎదురుగా ఎవరూ లేకపోయినా, హారను కొట్టాల్సిందే. ముందు పోయే ట్రాక్టరు ఎంత ఏడిపించినా దాటేవారు కాదు. "వెనక సరుకున్నప్పుడు ముందు వాడు మనకి చుట్టమే అమ్మాయ్. చుట్టాన్ని తోసుకుని పోతామా?" అనేవారు. నేను ఓపిక లేని మనిషిని. పక్క సీట్లో కూర్చుని ట్రాక్టర్ల వెనక ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో. ఆ తిట్టుకోవడాలన్నీ ఇప్పుడు ముద్దుగా అనిపిస్తున్నాయి. అప్పుడు మాత్రం ముద్దుగా లేవు.

"కొత్త బండి కొనుక్కోవచ్చు కదండీ" అని ఆవిణ్ణి అడగనివాళ్ళు లేరు. కొత్త బండ్లు నేనూ చూశాను. మా బావగారిదే ఒకటుంది, ఏనుగంత. అందులో ఒక పళ్ళెం పెట్టాలంటే గుండెల దాకా ఎత్తాలి. పట్టుచీర కట్టుకున్న మనిషి లడ్డూల పళ్ళెం గుండెల దాకా ఎలా ఎత్తుతుందో ఆ బండి చేసినవాళ్ళని అడగాలి. వెనక అద్దం వాలుగా ఉంటుంది, సామాన్లు పెట్టే చోటు గుంటలు గుంటలుగా ఉంటుంది. మా కారులో వెనక సీటు మడిస్తే మోకాలెత్తున చాపలా నేల. పళ్ళెం అంచు ఆనించి తోస్తే చాలు, జారుకుంటూ లోపలికి పోతుంది. బరువైన లడ్డూలు చక్రాల మీదికి, కుదుపు తగలని నడిమధ్యకి పూతరేకులు, కింద బొంత, పైన ఉతికిన తెల్లపంచె. తలుపు పైకెత్తి పట్టుకుంటే వానకి గొడుగు, ఎండకి పందిరి. అన్నిటికన్నా ముఖ్యం, చుట్టూ అద్దాలు. సారె అంటే దాచుకునేది కాదు కదా. ఊళ్ళోకి వస్తుంటే ఏం వచ్చిందో, ఎంత వచ్చిందో వీధంతా చూడాలి. మూసిన వ్యానులో పంపిన సారెని ఎవరు చూస్తారు? మా కారు రోడ్డు మీద పోతుంటే కిటికీలోంచి కాజాలు కనిపించేవి.

పిచ్చి మా ఒక్కరిదే అనుకోకండి. కోనసీమలో ఇలాంటి కారు వదలనివాళ్ళు ఇంకా ఉన్నారు. రాజోలులో ఒక పాస్టరు గారికి ఉంది. లంక ఊళ్ళల్లో ప్రార్థన కూడికలకి హార్మోనియం, డోలకు, మైకుసెట్టు, పాటలు పాడే అమ్మాయిలు, అందరూ అందులోనే. అంతర్వేదిలో ఎండుచేపల వ్యాపారం చేసే ఆయనకి ఇంకోటి. "వాసన పట్టేసిందండి, ఇంకెవరూ కొనరు, దేవుడు నాకు రాసిపెట్టేడు," అంటాడు సంతోషంగా. ఒకరికి సైడు అద్దం పగిలితే ఇంకొకరికి ఫోను చేసుకుంటారు. వీటిలో ఒకటి నిజంగానే చచ్చిపోతే, మిగతావన్నీ దాని భాగాలు పంచుకుని బతికాయి. ఆవిడ పెద్దకర్మకి పాస్టరు గారూ, ఎండుచేపల ఆయనా కార్లు వేసుకునే వచ్చారు. మా ఇంటిముందు మూడూ వరసగా ఆగాయి. మా చుట్టాల్లో ఒకాయన వాటిని చూసి, పాతసామాన్ల కొట్టులా ఉందన్నాడు. భోజనం పెడుతున్నదాన్ని కాబట్టి ఊరుకున్నాను.

ఆ కారుని నేనెందుకు వదలనో చెప్పాలంటే నీళ్ళకి ఆగిన రోజు గురించి చెప్పాలి.

అప్పటికి నేను ఈ ఇంటికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతర్వేది వైపు ఒక ఇంటికి సూడిదలు పట్టుకెళ్తున్నాం. పొద్దున్నే ఎండ. దారిలో ఇంజను వేడెక్కి బానెట్టు సందుల్లోంచి ఆవిరి వచ్చింది. వెనక ఎప్పుడూ ఉండే నీళ్ళ డబ్బా చూస్తే ఖాళీ. ఆవిడ కారుని మెల్లగా పక్కకి తీసి, దగ్గర్లో కనిపించిన ఇంటి గేటు ముందు ఆపారు. డబ్బా పట్టుకుని దిగారు. నేనూ దిగాను.

గేటు తీసుకుని ఒక పెద్దావిడ బయటికి వచ్చారు. రిటైరైన టీచరు గారట, తర్వాత తెలిసింది. ఆవిడ కారు వంక చూశారు. అద్దాల్లోంచి పళ్ళేల వంక చూశారు. పెద్దత్తయ్యగారు "అండీ, కాసిన్ని" అనేలోపే, ఆవిడ లోపలికి తిరిగి కేకేశారు.

"అమ్మాయ్, రా తల్లీ! మీ అమ్మగారు సూడిదలు పంపేరు! ప్రభువు నా మొర విన్నాడమ్మా!"

లోపల్నుంచి ఒక పిల్ల వచ్చింది. కడుపుతో ఉంది. వచ్చి గేటు పట్టుకుని నిలబడిపోయింది. టీచరు గారు మా చేతులు పట్టుకుని గబగబా చెప్పుకుపోతున్నారు. పిల్ల ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేకుండా వీళ్ళబ్బాయిని చేసుకుంది. వీళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. పెళ్ళయిన దగ్గర్నుంచి పుట్టింటి గడపలోంచి ఒక్క మాట లేదు, ఒక్క మనిషి లేడు.

"మా ఇళ్ళల్లో ఈ తంతులకి మీ అంత పట్టింపు ఉండదండి," అన్నారు టీచరు గారు. "కానీ ఈ పిల్లకి ఉంటుంది కదండీ. ఈ రోడ్డంట మీ కారు వెళ్ళినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడుతుందండి. మీరెప్పుడూ మా ముందునుంచి వెళ్ళిపోయేవారే గానీ ఆగలేదు."

ఆ పిల్ల పెద్దత్తయ్యగారినే చూస్తోంది. "మా అమ్మే పంపిందాండీ?" అని అడిగింది.

నేను నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. పెద్దత్తయ్యగారు ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టారు.

"ఇంకెవరు పంపుతారమ్మా?" అన్నారు. "రా, కొంగు పట్టు. ముందు చలిమిడి."

పళ్ళేలన్నీ దింపాం. ఆ పిల్ల కొంగులో చలిమిడి పెట్టి, పెద్దత్తయ్యగారు బుగ్గలు నిమిరారు. టీచరు గారు మాకు టిఫిను పెట్టారు, కాఫీ ఇచ్చారు. అన్నీ అయి బయలుదేరేటప్పుడు, అప్పుడే గుర్తొచ్చినట్టు, "కారుకి కాసిన్ని నీళ్ళిప్పిస్తారాండీ?" అని అడిగారు పెద్దత్తయ్యగారు.

మలుపు తిరిగాక కారు ఆపారు. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వెనక తెల్లపంచె తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు అంతర్వేది వాళ్ళకేం చెబుతారండీ?" అన్నాను.

"నిజం చెబుతాను. రోజుకో అబద్ధం చాలు."

సరుకు పురమాయించిన తల్లికి అక్కడినుంచే ఫోను చేశారు. "అమ్మా, మీ సూడిదలు దారిలో ఇంకో కడుపుతో ఉన్న పిల్ల తీసేసుకుందండి. ఇవాళే మళ్ళీ పొయ్యి వెలిగించి రేపటికి అందిస్తానండి," అన్నారు.  "ఆయ్, కడుపుతో ఉన్న పిల్ల తీసుకుంటే ఇంక మాట్లాడేదేముందండీ. ఆ పిల్లకి పూతరేకులు సరిపోయేయాండీ?" అని అడిగిందావిడ. మా గోదావరి వాళ్ళ గురించి ఎవరు ఏమని వెక్కిరించినా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

ఆ రోజు మేమింకా ఇల్లు చేరకముందే టీచరు గారు ఆ పిల్ల పుట్టింటికి ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పేశారు. ఇది మేం ఊహించలేదు. కొద్ది రోజులకి మా పెరట్లోకి ఒకావిడ వచ్చి, పొయ్యిల దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా పేరు చెప్పి మా అమ్మాయికి సూడిదలు పంపింది మీరేనాండీ?" అంది.

"నేనేం చెప్పలేదండి," అన్నారు పెద్దత్తయ్యగారు. "నేను నీళ్ళకి ఆగేను. కారు చెప్పింది."

ఆ తల్లికి అప్పుడు అంతా అర్థమైంది. టీచరు గారు ఫోను చేసి, మీరు పంపిన సూడిదలు అందాయండీ, పిల్ల ఎంత సంతోషపడిందో అని చెబుతుంటే, నేను పంపలేదని అనడానికి నోరు రాలేదట. "ఆయ్... పిల్ల తిందాండీ?" అని మాత్రం అడిగిందట. ఇది చెబుతూ చెబుతూ పొయ్యి పక్క పీట మీద కూలబడింది. వెళ్ళేముందు పురిటి సారెకి మాట తీసుకుంది. "ఈసారి నిజంగా నేనే పంపుతానండి. ఆ కారులోనే పంపండి," అంది. ఆ పురిటి సారెతో పాటు ముందు సీట్లో ఆవిడా వచ్చింది.

అదే ఏ తెల్ల వ్యానో ఆ గేటు ముందు ఆగి ఉంటే, టీచరు గారు నీళ్ళిచ్చి పంపేవారు. నేను చెప్పేదల్లా ఇదే. కొత్త బండి ఇల్లు చేరుస్తుంది, కాదనను. కానీ అది ఆగితే ఎవరూ గేటు దాకా పరుగెత్తుకు రారు. మనిషైనా బండైనా జనానికి గుర్తుండాలంటే ఏళ్ళు పడతాయి. ఆ ఏళ్ళన్నీ మోసిందాన్ని తీసుకెళ్ళి కిలోల లెక్కన తూయమంటారేమిటి?

ఈ మాట నాది కాదు, ఆవిడదే. పాత కార్లు కొనేవాడొకడు ఇంటికొచ్చి ఇనుము బరువెంత ఉంటుందో అంచనా కడుతుంటే, "మీ ఇంట్లో పెద్దవాళ్ళని కూడా ఇలాగే తూస్తారా బాబూ?" అని అడిగి, మజ్జిగిచ్చి పంపించేశారు.

ఆవిడ పోయాక వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి మా బావగారు పిలిస్తే వచ్చాడు. బావగారు చెడ్డమనిషి కాదు, అది గట్టిగా చెప్పాలి. తల్లి కారుని చూసినప్పుడల్లా ఆయనకి తల్లి ఇంకా అందులో పడుకుని ఉన్నట్టే కనిపిస్తోంది. "ఇంక దాంతో ఏం పనమ్మా? ఎవరూ అందులో సారె ఎక్కించరు. ఎండకి ఎండి, వానకి తడిసి నా కళ్ళముందే తుప్పు పట్టిపోతుంటే చూడమంటావా?" అన్నారు. కారు కాగితాలు ఆవిడ పేరున ఉన్నాయి. ఆయన సంతకం పెడితే కారు నాకొస్తుంది, పెట్టకపోతే తుక్కుకి పోతుంది.

"నేను అమ్మనివ్వను," అన్నాను.

"సరే. ఈ ఆషాఢంలో ఒక్క ఇల్లు, ఒక్కటంటే ఒక్క ఇల్లు ఆ కారులోంచి సారె దింపుకుంటే నీ పేరున సంతకం పెడతాను. లేకపోతే ఇంక మాట్లాడకు," అన్నారు.

ఒప్పుకున్నాను. ఆషాఢం వచ్చింది. వంటకి మాత్రం ఏ లోటూ లేదు, జనం వస్తూనే ఉన్నారు. కారు మాట ఎత్తగానే మా వాళ్ళ మర్యాద బయటికొచ్చేది. కోనసీమలో ఎవరూ వద్దని అనరు కదా. "ఆయ్, అలాగేనండి, కాకపోతే మా తమ్ముడుగారి వ్యాను ఖాళీగా ఉందండి." "మీకెందుకండీ శ్రమ, మేమే వచ్చి పట్టుకెళ్తామండి." "ఎండలెక్కువగా ఉన్నాయి కదండీ, ఏసీ బండైతే సరుక్కి మంచిదని." ఆవిడ చేతి కాజాలు ఏళ్ళ తరబడి ఎండలోనే తిరిగాయి, ఒక్కటీ కరగలేదు. నేను నవ్వుతూ సరేనండి అంటూ వచ్చాను. వాళ్ళు వెళ్ళాక కారు దగ్గరికి వెళ్ళి అద్దాలు తుడిచేదాన్ని. కోపం వచ్చిన రోజు ఇంకా గట్టిగా తుడిచేదాన్ని.

నెల ఆఖరికొచ్చేసరికి రాజోలు నుంచి ఒకావిడ వచ్చింది. కూతురికి కొత్తగా పెళ్ళయింది. వియ్యాలవారిది వాడపల్లి దగ్గర ఊరు. కారు విషయం నేనే ముందు చెప్పాను.

"నాకేం పట్టింపు లేదండి, మీ కారులోనే పంపండి," అందావిడ. "మా వియ్యపురాలిగారికే కాస్త పట్టింపులెక్కువండి. ఆవిడేమంటారో నేను చెప్పలేను. మీ ధైర్యం."

ఆ మాట చాలనుకున్నాను. బయలుదేరే రోజు బావగారు రాజమండ్రి నుంచి వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. "గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తే నువ్వొక్కదానివే ఎలా తిరిగొస్తావమ్మా?" అన్నారు. చెప్పులు విప్పి సీటు కింద పెట్టాను. ఆయన అది చూసి కిటికీ వైపు తిరిగారు.

శనివారం కావడంతో రావులపాలెం దాటిన దగ్గర్నుంచి వాడపల్లి గుడికి పోయే జనంతో దారంతా కిటకిట. ముందు ఆటోలు, ఆటోల ముందు బస్సులు. చుట్టాల్లాగానే చూసుకున్నాను. ఆ ఇల్లు కనుక్కుని ఆపేసరికి మధ్యాహ్నమైంది. వీధిలోవాళ్ళు అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. అందరికీ కారు తెలుసు, కారు సంగతీ తెలుసు. ఎవరూ దగ్గరికి రాలేదు.

వియ్యపురాలిగారు గుమ్మంలోకి వచ్చారు. పొడుగ్గా, బక్కగా, పెద్ద బొట్టుతో ఉన్నారు. మెట్లు దిగి కారు చుట్టూ ఒకసారి నడిచారు.

"సారె కారు కదండీ ఇది?"

"ఆయ్, అదేనండి."

"ఆవిడ పోయేరని విన్నాను. ఆవిణ్ణి ఇందులోనే ఇంటికి తీసుకెళ్ళేరంట కదా?"

నా వెనక బావగారు కదలకుండా నిలబడ్డారు. కాదండీ అంటే అక్కడితో అయిపోతుంది. సరుకు దిగుతుంది, సంతకం పడుతుంది. పెద్దత్తయ్యగారైతే ఏం చేసేవారో నాకు తెలియదు. ఆవిడ ఒక పిల్ల మొహం చూసి అబద్ధం చెప్పారు. ఇది ఆవిడ ఆఖరి ప్రయాణం. అది జరగలేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

"ఇందులోనే తీసుకెళ్ళేనండి. నేనే నడిపేనండి," అన్నాను. నా గొంతు కాస్త పెద్దదైనట్టుంది, అరుగుల మీదివాళ్ళు కూడా ఇటు తిరిగారు. "ఇంకో బండిలో పంపడానికి ఆవిడ నాకు పరాయి మనిషి కాదండి."

వియ్యపురాలిగారు నన్ను తేరిపార చూశారు. "ఎక్కడ పడుకోబెట్టేరు?" అని అడిగారు.

వెనక్కి వెళ్ళి తలుపు ఎత్తాను. లోపల కాజాలు, లడ్డూలు, సున్నుండలు, నడిమధ్య పూతరేకులు. "తల ఇటువైపు ఉందండి," అని చూపించాను. అక్కడ ఇప్పుడు కాజాల పళ్ళెం ఉంది.

ఆవిడ అక్కడే చూస్తూ నిలబడ్డారు. తర్వాత చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకున్నారు. ఎవరినీ పిలవలేదు. రెండు చేతులూ ఆ కాజాల పళ్ళెం కిందికి పోనిచ్చి, పైకెత్తారు. బరువుకి పళ్ళెం ఒకవైపు ఒరిగింది.

"మీరు నిలబడి చూస్తారేంటి బాబూ, అటు పట్టండి," అన్నారు బావగారితో.

బావగారు భుజం మీది కండువాతో మొహం తుడుచుకుని, పళ్ళెం రెండో అంచు పట్టుకున్నారు. ఇద్దరూ మెట్లెక్కారు. అరుగుల మీదినుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చి తలా ఒక పళ్ళెం అందుకోసాగారు. పాత కారు తలుపు, పట్టుకోకపోతే పడిపోతుంది. సారె మొత్తం దిగేదాకా దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను.